టీచరమ్మ వెతికిన ఊరు

మా ఎదురు ఫ్లాటు టీచరమ్మ శ్రావణమాసం ఆఖరి శుక్రవారం పొద్దున దవాఖానలో కన్నుమూశారు. ఫోను చేసిన నర్సు, పేషెంటుకు నేను ఏమవుతానని అడిగింది. ఎదురింటిదాన్నని చెప్పాను. సొంతవాళ్ళ నంబరు ఇవ్వమంటే, సికింద్రాబాదులో ఉండే ఆమె చిన్నాన్న కూతురిది ఇచ్చాను. తర్వాత దేవుడి దీపం ముందు కూర్చుని చేతులు జోడించాను గానీ, ఏమని మొక్కాలో తోచలేదు. ఆమె కోరుకున్నది దేవుడు ముందే ఇచ్చేశాడు. అదేమిటో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమె ఆంగ్లో ఇండియన్. చాలా ఏళ్ళు రైల్వే బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక హఫీజ్‌పేట్ స్టేషను దగ్గర మా అపార్టుమెంటులో చిన్న ఫ్లాటు కొనుక్కున్నారు. రైలు చప్పుడు వినపడకపోతే నిద్ర పట్టదనేవారు. పెళ్ళి చేసుకోలేదు. లిఫ్టు పక్కన అసోసియేషన్ వాళ్ళు నోటీసు అంటిస్తే ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది, కింద పదికి ఎన్ని మార్కులో వేసేవారు. సెక్రెటరీ గారికి ఎప్పుడూ ఆరు దాటలేదు.

మా వైపు ఎవరు కొత్తగా కనపడినా మొదటి మాట "మీదే ఊరు?" అనే. ఇక్కడ ఉన్నవాళ్ళందరూ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే. వాచ్‌మన్‌ది మహబూబ్‌నగర్ దిక్కు, పై అంతస్తు వాళ్ళది కడప, మాది మెదక్ దగ్గర పల్లె. టీచరమ్మను కూడా అడిగేవారు. సికింద్రాబాదు అంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. అది కాదమ్మా, అసలు ఊరు చెప్పండి అనేవారు. తెల్లటి ఒళ్ళు, పిల్లికళ్ళు, నోట్లో మాత్రం మన తెలుగు. వాళ్ళకు అంతు చిక్కేది కాదు. ఆమె నవ్వేసి ఊరుకునేవారు గానీ, ఒకరోజు నాతో అన్నారు:

"మా తాతను అడిగిన్రు, చెప్పలేకపొయిండు. మా నాయనను అడిగిన్రు, చెప్పలేకపొయిండు. నేను మాత్రం చెప్పే పోత."

ఆమె తాతకు తండ్రి ఐర్లండు నుంచి ఇంగ్లీషు పటాలంలో వచ్చి, తర్వాత రైల్వేలో చేరి, ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. సికింద్రాబాదు చర్చి పెళ్ళి పుస్తకంలో ఆయన పేరు, ఆయన తండ్రి పేరు ఉన్నాయి. పటాలం కాగితంలో ఆయన ఫలానా విచారణలో పుట్టినట్టు ఉంది. విచారణ అంటే ఒక పాదిరి కింద ఉండే కొన్ని పల్లెలు. ఆ పల్లెల్లో ఏది అన్నదే తేలాలి. అక్కడి ప్రభుత్వం జనన మరణాలు రాయించడం మొదలుపెట్టేనాటికే ముత్తాత నడిచే పిల్లవాడు. కాబట్టి ఆయన పుట్టుక సర్కారు పుస్తకంలో దొరకదు, చర్చి జ్ఞానస్నానాల పుస్తకంలోనే దొరకాలి. ఆ పుస్తకాల ఫొటోలు కంప్యూటర్లో ఎవరైనా చూడవచ్చు. చూడటమే కష్టం. పాదిరీల చేతిరాత, అదీ లాటిన్‌లో. జేమ్స్ అనే ముత్తాత వాళ్ళ రాతలో జాకోబుస్.

టీచరమ్మకు కంట్లో పొర వచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. నేను తెలుగు మీడియంలో పదో తరగతి. లాటిన్ నాకేం తెలుసు? "చదవకు, ముగ్గు చూసినట్టు చూడు," అన్నారు. వాళ్ళ ఇంటిపేరు ఒక కాగితం మీద పెద్దగా రాసి ఇచ్చారు. అటువంటి గీతలు ఎక్కడ కనపడితే అక్కడ ఆపమన్నారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఆమె జపమాల చెప్పుకోవడం పూర్తయ్యాక, ఇద్దరం కూర్చునేవాళ్ళం. కళ్ళు మండితే లేచి టీ పెట్టేదాన్ని.

పటాలం కాగితం చెప్పిన విచారణ పుస్తకంలో ముత్తాత తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అందరూ దొరికారు. అదే తండ్రి, అదే తల్లి. అక్కడ తల్లి పేరు పక్కన ఆమె పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారట. అందరూ ఉన్నారు, పెద్దవాడు ఒక్కడే లేడు. ఆ పేజీ చెమ్మకు పోయి ఉంటుందని టీచరమ్మ అనుమానం. అక్కడి చర్చి ఆఫీసులో పనిచేసే ఒకావిడకు మెయిలు రాస్తే, పేజీలేవీ పోలేదని జవాబు వచ్చింది. ఇగ అయిపోయిందనుకున్నాను నేను. టీచరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, "ఈ తలుపు కాదు. పక్కది కొడదాం," అన్నారు. ఎప్పుడూ ఆ మాటే అనేవారు. గ్యాసువాడు ఫోను ఎత్తకపోయినా అదే మాట. కానీ పక్క తలుపు ఏదో మా ఇద్దరికీ తెలియలేదు. చాలాకాలం ఆ పుస్తకాన్నే మళ్ళీ మళ్ళీ తిరగేశాం.

మా అమ్మాయికి ఏడో నెల వచ్చాక ఇంటికి తీసుకొచ్చాను. అల్లుడి వాళ్ళది కర్నూలు, ఉండేది గచ్చిబౌలిలో. టీచరమ్మ స్వెటరు అల్లుతూ అడిగారు, వాళ్ళ ఇల్లు మీదానికంటే పెద్దది, కిందికి దిగితే దవాఖాన, పిల్లను ఈ ఇరుకులోకి ఎందుకు తెచ్చినవని.

"తొలి కాన్పు పుట్టింట్లనే గద టీచరమ్మా."

"పుట్టే బిడ్డను రేపు ఏ ఊరని అడిగితే?"

"కర్నూలు అంటది. తండ్రి ఊరే గద చెప్తరు."

"నువ్వేడ పుట్టినవు?"

"జోగిపేటల, మా అమ్మమ్మ ఇంట్ల. కానీ ఎవరడిగినా మా నాయన ఊరే చెప్త."

ఆమె చేతిలో సూదులు ఆగిపోయాయి. అల్లిక ఒళ్ళో పెట్టుకుని అన్నారు: "ఇన్నేండ్ల సంది నేను తండ్రి తలుపే కొడుతున్న."

ఆ సాయంత్రమే ఐర్లండులో ఆ ఆఫీసావిడకు మెయిలు రాశారు. మీ వైపు కూడా తొలి కాన్పుకు తల్లిగారింటికి పోయే పద్ధతి ఉందా అని అడిగారు. ఉందట. పెళ్ళి కూడా ఆడపిల్ల విచారణలోనే చేసేవారట, తొలి బిడ్డకు జ్ఞానస్నానం చాలాసార్లు అక్కడే జరిగేదట. పటాలంలో చేరేటప్పుడు ముత్తాత కూడా నాలాగే తండ్రి ఊరు చెప్పి ఉంటాడు.

చుట్టుపక్కల విచారణల పుస్తకాలు ఒక్కొక్కటీ తీశాం. ఈ మధ్యలో టీచరమ్మకు ఒక కంటికి ఆపరేషను అయింది. డాక్టరు కంప్యూటరు తెర చూడవద్దంటే, ఆమె కళ్ళు మూసుకుని కుర్చీలో కూర్చున్నారు, నేను చూస్తూ పోయాను. మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. పిల్లను ఒళ్ళో వేసుకుని కూడా చూశాను. మూడో విచారణ పెళ్ళి పుస్తకంలో ముత్తాత అమ్మానాన్నల పెళ్ళి దొరికింది. ఆ మరుసటి ఏడాది పేజీల్లో నాకు తెలిసిన ఆ గీతలు కనపడ్డాయి. టీచరమ్మ భూతద్దం పెట్టి చూశారు. జాకోబుస్. తండ్రి పేరు, తల్లి పేరు, ఆమె పుట్టింటి పేరు, చివర పల్లె పేరు. నాక్‌బేగ్.

నేను దండం పెట్టబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆగు. దేవునికి చెప్పే ముందు సర్కారును కూడా అడుగుదాం." అదే పేర్లతో ఇంకొకరు ఉండవచ్చు కదా అని ఆమె భయం. తల్లి పుట్టిల్లు నాక్‌బేగే అని రుజువు కావాలన్నారు. సర్కారు వాళ్ళ మరణాల పుస్తకాల్లో వెతికాం. నాక్‌బేగ్‌లో ఒక ముసలాయన చనిపోయాడు, ఇంటిపేరు ముత్తాత తల్లి పుట్టింటిదే. చావు కబురు సర్కారుకు చెప్పిన మనిషి ఆయన కూతురు, ముత్తాత తల్లి. ఆమెకు చదువు రాదు కాబోలు, సంతకం చోట ఒకదాని మీద ఒకటి అడ్డంగా గీసిన రెండు గీతల గుర్తు ఉంది. ఆ గుర్తు చూసి నాకు మా అమ్మ వేలిముద్ర గుర్తొచ్చింది. తొలి కాన్పుకు ఏ ఇంటికి వెళ్ళిందో, తండ్రిని సాగనంపడానికీ ఆ ఇంటికే వెళ్ళింది. టీచరమ్మ తెర మీద ఆ గుర్తును వేలితో తాకి, "ఇప్పుడు పెట్టు దండం," అన్నారు.

తర్వాత వారం కంటి పరీక్షకు గచ్చిబౌలికి ఆటోలో వెళ్ళాం. డ్రైవరు వికారాబాద్ దిక్కువాడు. అద్దంలో ఆమెను చూసి అడగనే అడిగాడు.

"ఏ ఊరమ్మ మీది?"

"నాక్‌బేగ్."

"గదేడుంటది?"

"ఐర్లండుల. చిన్న గుట్ట అని అర్థం."

"మా ఊళ్ళె గూడ ఉండె మేడం, చిన్న గుట్ట. కొట్టి కంకర చేసిన్రు."

"మాది ఇంక ఉన్నది," అన్నారు టీచరమ్మ, నిన్ననే చూసి వచ్చినట్టు. ముందు కడ్డీ పట్టుకుని, "జర చూసి పోనీ నాయనా. ఊరు దొరికి వారమే అయింది, అప్పుడే చావు వద్దు," అన్నారు.

తర్వాత ఎవరు అడిగినా నాక్‌బేగ్ అనే చెప్పారు. దవాఖానలో చేర్చుకునేటప్పుడు కంప్యూటరు ముందున్న అమ్మాయికి కూడా. ఆ అమ్మాయి హఫీజ్‌పేట్ అని కొట్టుకుంది.

నిరుడు పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్యకు, నేను పెద్దలకు ఇచ్చే బియ్యం, కూరగాయలు పళ్ళెంలో సర్దుతుంటే టీచరమ్మ వచ్చి చూశారు. పేరు, గోత్రం చెప్పి అయ్యగారికి ఇస్తామన్నాను. వాళ్ళు నవంబరులో సమాధుల మీద కొవ్వొత్తులు పెడతారట, అక్కడ పేరు చాలట. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు.

"నాకు గూడ ఇస్తవా? గోత్రం లేదు మరి."

"ఇస్త గానీ, మీరు తొందర పడకున్రి," అన్నాను.

ఈ ఏడు పెత్రమాసకు ముందు సికింద్రాబాదులో ఉన్న టీచరమ్మ చెల్లెలికి ఫోను చేసి అనుమతి అడిగాను. అక్కకు ఇష్టమే అయి ఉంటుంది, ఇవ్వమంది. గుడిలో మా ఆయన మా పెద్దలందరికీ బియ్యం ఇచ్చాక, నేను రెండో పళ్ళెం ముందుకు జరిపాను. టీచరమ్మ పేరు చెప్పాను. అయ్యగారు గోత్రం అడిగారు.

"గోత్రం తెలువదు అయ్యగారు. ఊరు తెలుసు."

ఆయన నావైపు ఒకసారి చూసి, ఊరి పేరు నాచేత రెండుసార్లు పలికించుకున్నారు. పేరు వెంట ఆ ఊరు కలిపి, మంత్రం చదివినంత నిదానంగా చెప్పి, నా చేతిలో నువ్వులు వేసి నీళ్ళు పోశారు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పళ్ళెంలోకి జారాయి. బియ్యం కుప్ప ఒక పక్క తడిసింది. దాని మీద రెండు నల్ల నువ్వులు అంటుకుని నిలిచాయి.