గిర్ని బియ్యం

మా తాత ఎల్లారెడ్డిలో ఒక దొర దగ్గర జీతగాడు. రెండు పూటలా అంబలి తాగి బతికాడు. మా బాపు కాలానికి కొంచెం చెల్క, అంటే వానకు పండే మెట్ట భూమి, చేతికొచ్చింది, అంబలి పోయి జొన్నరొట్టె వచ్చింది. అన్నం పండుగనాడే. ఆ వడ్లు కూడా మా అమ్మ, మేం అవ్వ అంటాం, రోట్లో దంచేది. నేను కామారెడ్డిలో ఒక బియ్యం గిర్నిలో, అంటే మిల్లులో, బస్తాలు తూచే పనికి కుదిరాక, మా ఇంట్లోకి మొదటిసారి నెల జీతం అనేది వచ్చింది.

మా మేనమామకు ఇన్ని తరాలు పట్టలేదు. నిజాంసాగర్ కాలువ ఆయన పొలం పక్కనుంచే పోయింది. ఆనకట్ట మాకు దగ్గర, నీళ్లు మాత్రం మామ వాళ్లుండే బాన్సువాడ వైపు. ఇది ఏం న్యాయమో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. వరి పండటం మొదలయ్యాక మామ మా ఇంటికి రావడం తగ్గించాడు. ఒక పెళ్లిలో అందరి ముందు అవ్వతో, "అక్కా, మీ ఇంటికొస్తే మా పోరగాండ్లు రొట్టె నమలలేక ఏడుస్తున్నరే" అని నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం గుమ్మంలో కూర్చుని, "నా తమ్ముడు నా ఇంట్ల మల్ల కడుపునిండ తినాలెరా. గంతే" అంది.

ఆ మరుసటి ఏడు మామ, అత్త, పిల్లలు ఎటో పోతూ మా ఇంట్లో ఒక పూట ఆగుతామని కబురు పెట్టారు. నేను గిర్నిలో మరపట్టిన సన్నబియ్యం కొన్నాను. మా ఇంట్లో ఎవరూ ఆ బియ్యం వండి ఎరుగరు. ఎలా వండాలని గిర్నిలో లెక్కలు రాసే మునీమును అడిగితే, "బియ్యం ఉడకేసుడు గూడ నేర్పాల్నారా నీకు?" అని పదిమందిలో అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

అవ్వ బియ్యాన్ని చేటలో పోసుకుని చూసింది. "గింత తెల్లగున్నయేందిరా, సున్నంల ముంచిన్రా?" అంది. దంచిన బియ్యానికి పోసినన్ని నీళ్లు పోసింది, అంతసేపే పొయ్యి మీద ఉంచింది. తవుడు పోయిన బియ్యం అంత మంటకు ఆగలేదు. విస్తళ్ల ముందు మూత తీస్తే గింజ కనబడలేదు, అంతా ఒకటే ముద్ద.

అత్త తొంగి చూసి, "ఏంది వదినె, బియ్యంతోని గట్క చేసినవా?" అంది. గట్క అంటే జొన్నరవ్వ ఉడికించిన ముద్ద. మామ పడీపడీ నవ్వాడు. అవ్వ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

తర్వాత గిన్నె పక్కకు జరిపి, జొన్నపిండి తీసి రొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. మామ మొదటి రొట్టె పచ్చికారంతో తిన్నాడు.

"ఎన్నేండ్లాయెనే అక్కా గీ రుచి సూసి! ఇంకోటెయ్యి."

"మా దిక్కు గిసొంటి రొట్టెలు యాడియి వదినె" అని అత్త కూడా అందుకుంది. నమలలేక ఏడ్చిన ఆ పిల్లలే పెనం మీది రొట్టె కోసం కొట్లాడుకున్నారు. అవ్వ ముఖం వెలిగిపోయింది.

నాకు మాత్రం పెళ్లిలో అన్న మాటకంటే ఈ మెప్పే ఎక్కువ మండింది. మేము వేరే గతిలేక తిన్నది, వాళ్లకు రోజూ అన్నం తిని మొహం మొత్తాక రుచి అయింది. నేను గిన్నె నా ముందుకు లాక్కుని ఆ ముద్దే పెట్టుకున్నాను.

"గది బర్రెకు పెట్టరాదురా అల్లుడా, రొట్టె తిను" అన్నాడు మామ.

"నా జీతం బియ్యం మామా. బర్రె కోసం తేలే."

మామ మళ్లీ నవ్వాడు. మిగిలిన రొట్టెలు కూడా మూటగట్టించుకుని బండెక్కాడు. అవ్వ బండి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి, లోపలికి వచ్చింది.

"సూసినవారా, కడుపునిండ తిన్నడు" అంది.

నేను విస్తట్లో ఇంకో ముద్ద పెట్టుకున్నాను. గిన్నెలో ఇంకా సగం ఉంది.