పప్పుమిల్లు పాత వెర్షను

మా ఆఫీసులో అందరూ కొత్తది తయారుచేస్తారు. ఆ కొత్తది పాతదాంట్లో నడుస్తుందా లేదా అని చూడడం నా ఉద్యోగం. కోడ్‌ను ప్రోగ్రాముగా కట్టే ఆదేశాల వరసను బిల్డ్ స్క్రిప్ట్ అంటారు. మా బెంగుళూరు ఆఫీసు కుర్రాళ్ళు అందులో ఏదో కొత్త సౌకర్యం వాడతారు. ఆ స్క్రిప్టును నడిపే కొత్త టూల్ దాన్ని హాయిగా మింగేస్తుంది, పాత టూల్‌కు గొంతులో ముల్లు దిగుతుంది. కోవిల్‌పట్టిలో మా ఇంటి మేడగదిలో కూర్చుని నేను ఆ ముల్లు తీస్తాను. మర్నాడు ఇంకో ముల్లు. పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరా.

ఈ అవస్థంతా ఒక్క కస్టమరు కోసం. విరుదునగర్‌లో ఒక పప్పుమిల్లు. తూకం యంత్రానికి తగిలించిన వాళ్ళ కంప్యూటరు ఎంత పాతదంటే, కొత్త టూల్‌తో కట్టిన ప్రోగ్రాము అందులో అసలు తెరుచుకోదు. వాళ్ళు దాన్ని మార్చిన రోజున నన్ను కొత్త టీములోకి తీసుకుంటానని మా మేనేజరు మాట ఇచ్చాడు. నాతో చేరినవాళ్ళంతా ఎక్కడెక్కడికో ఎదిగిపోయారు. నేనే కుడితిలో పడ్డ ఎలుకలా అక్కడే తిరుగుతున్నాను. వాళ్ళను తలుచుకుంటే ఏడుపొచ్చేంత అసూయగా ఉండేది.

ఇక ఆగలేక ఒక ఉదయం బస్సెక్కి ఆ మిల్లుకే వెళ్ళాను. యజమాని మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పెద్దాయన. నా తెలుగు వినగానే ఆయన ముఖం చేటంత అయింది, కాఫీ తెప్పించాడు. పప్పు దుమ్ము మధ్య ఆ కంప్యూటరు, ఆయుధపూజనాటి గంధం బొట్టుతో, నిశ్చింతగా బిల్లులు కొడుతోంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"దీన్ని మార్చేయండి మామా. కొత్తదయితే శానా వేగంగా ఓడతాది" అన్నాను. మా ఇళ్ళల్లో ఓడడమంటే నడవడం.

"యాలమ్మా మార్చల్ల? బాగనే ఓడతా ఉండాదే. మొండికేస్తే సరిచేసేదానికి నువ్వు ఉండావు గదా!"

నా పనితనమే నా కొంప ముంచుతోందన్నమాట. వేరే దారి లేక భయపెట్టాను.

"ఇది ఒకనాడు టప్పుమని పోతాది మామా. అప్పుడు ఇట్లాంటిది ఏడ వెతికినా దొరకదు."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. కంప్యూటరు మీది దుమ్మును పైగుడ్డతో తుడిచాడు. "నువ్వు చెప్పేది నిజమేమ్మా. ఏదో ఒకటి చేయల్ల" అన్నాడు.

గెలిచాననుకున్నాను. బస్టాండులో పాల్‌కోవా పొట్లం కొని దారిలోనే సగం తినేశాను. ఆ వారమంతా పాత టూల్ పరీక్షలో తప్పులు ఎర్రగా మెరిసినా నాకు కోపం రాలేదు. ఇంకెన్నాళ్ళులే అని నవ్వుతూ సరిచేశాను.

తర్వాత ఆయన ఫోన్ చేశాడు. గొంతులో సంబరం.

"అమ్మాయీ, ఇట్లాంటిది మళ్ళీ దొరకదంటివే, మదురై అంతా వెతికి ఇదే మాదిరి ఇంకోటి పట్టేస్తిమి! ఒకటి పోయినా ఇంకోటి ఉంటాది, ఇంక బయం లేదు. మీ కోవిల్‌పట్టిలో ఉండే మా గోడౌన్‌లో పెట్టినాము. నువ్వు పక్కనే ఉండావు గదా."

"మంచిపని చేసినారు మామా" అన్నాను.

ఆ గోడౌను ఏదో కనుక్కున్నాను. మా వీధి చివరిదే. మేడగది కిటికీలోంచి దాని రేకులు కనిపిస్తాయి. ఎంత ఉక్కపోసినా ఇప్పుడు ఆ కిటికీ తెరవడం లేదు.