మందకు మిగిలిన రోజులు

ఆ చలికాలం నేను నల్లగొండలో డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నాను. సెలవులకు నకిరేకల్ దగ్గరి మా ఊరికి వచ్చేసరికి గొర్ల దొడ్డి కంపు కొడుతోంది. ఎనభై గొర్రెల మందలో మొదట రెండింటికి ముక్కులు కారి, పారుడు రోగం పట్టుకుందట. రెండు రోజులకు నాలుగయ్యాయి, ఇంకో రెండు రోజులకు ఎనిమిది. టీకాలు రావడానికి పది రోజులు పడుతుందని పశువుల దవాఖానలో చెప్పారు.

సాయంత్రం బాపు నా పక్కన కూర్చున్నాడు. "గిట్లనే పెరిగితే అన్నిటికి ఎప్పటికి అంటుకుంటది బిడ్డా?"

రెండు ఎనభై కావాలంటే నలభై రెట్లు పెరగాలి. రెండు ఘాతం ఎక్స్, సమానం నలభై అని రాశాను.

"గా ఎక్స్‌ను గంత మీదికెందుకు ఎక్కించినవ్?"

"ఎన్నిసార్లు రెట్టింపైతయో తెల్వదు కద బాపు, గదే ఎక్స్. రెండు దిక్కుల లాగ్ తీస్తే కిందికి దిగుతది."

పట్టికలో నలభై లాగ్ 1.6021, రెండు లాగ్ 0.3010. భాగిస్తే అయిదుకు కొంచెం పైన. ఒక్కో రెట్టింపుకు రెండు రోజులు కాబట్టి మొత్తం పదిన్నర. అందులో నాలుగు అప్పటికే గడిచిపోయాయి.

"ఇంక వారం గుడ లేదు బాపు."

"ఇంకోపారి చెయ్యి."

చేశాను. అదే వచ్చింది.

"తప్పైతే మంచిగుండు," అన్నాడు.

తెల్లారి, బాగున్నట్టు కనబడ్డవాటిని వేరు చేసి మేనత్త చెలకకు తోలుకుపోయాం. దొడ్డిలో ఉండిపోయిన పిల్లల కోసం తల్లి గొర్రెలు వెనక్కి తిరిగి అరుస్తుంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా రోగం మా వెంటే వచ్చింది. పైకి కనబడకముందే కొన్నింటికి అంటుకుని ఉంది.

నా లెక్క చివరిదాకా నిలవలేదు. ఇంకా రోగం అంటనివి తగ్గేకొద్దీ రెట్టింపు కావడమూ తగ్గింది. నేను చెప్పిన గడువు దాటాక కూడా కొన్ని మేస్తూనే ఉన్నాయి. అది చూసి సంబరపడే ఓపిక ఎవరికీ లేదు. రోజూ గోతులు తవ్వుతున్నాం.

చెలకలో బతికినవాటిని మళ్లీ దొడ్డికి తోలుకొచ్చాం. టీకాలు తెచ్చిన డాక్టరు లోపలికి తొంగిచూసి, "మిగతయి మేతకు పోయినయా?" అని అడిగాడు.

"గివ్వే సార్," అన్నాడు బాపు.

ఎండాకాలంలో, బతికినవాటిని చిన్నబాపు మందలో కలిపేసి, బాపు హైవే మీది పత్తి మిల్లులో కాపలాకు కుదిరాడు. ఆదివారం ఇంటికి వచ్చినా మంద తోలే వేళకే మెలకువ వచ్చేది. పోవడానికి ఎటూ లేక, అమ్మ లేచేదాకా మంచం మీదే కూర్చునేవాడు.