నేను పాతిన హద్దురాయి

మొన్న డ్యాము గేట్లు ఎత్తారని తెలిసిన సాయంత్రమే, ఏటిగట్టున కొత్తగా వేసిన నడకదారి చూడాలని మా మనవరాలు చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. రంగు దీపాలు, సిమెంటు బెంచీలు, ఫోటోలు తీసుకునే జనం, అంతా బాగానే ఉంది కానీ, ఏరు వంపు తిరిగే మూల దగ్గర ఆ పిల్ల కమ్మీలు పట్టుకుని కిందికి వంగగానే రెక్క పట్టుకుని వెనక్కి గుంజాను. ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఎందుకు గుంజానో దానికి చెప్పలేకపోయాను, మన ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

నేను దేశనూరు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికే ఆ గట్టు మీది రేకుల షెడ్లన్నీ తీయించి, నేల చదును చేసి, ఏటిపక్కన పార్కు వస్తుందని పురసభవాళ్ళు, అదే ఈ కన్నడ సీమ మున్సిపాలిటీవాళ్ళు, ఒక బోర్డు నిలబెట్టారు. బోర్డు తుప్పు పట్టింది గానీ పార్కు రాలేదు. ఖాళీ నేల ఊరికే ఉంటుందా, ఒక పక్క గొర్రెల సంత, ఇంకో పక్క పెళ్ళి పందిళ్ళు, కోతలైతే చాలు, కళ్ళం లేని మాలాంటి కౌలువాళ్ళందరి వడ్లూ అక్కడే. తడి వడ్లను మిల్లువాళ్ళు ముట్టరు కనుక ఆ నేలే మాకు అన్నం పెట్టింది. పొద్దంతా కాళ్ళతో వడ్లు తిప్పేవాళ్ళం, గాలి లేస్తే టార్పాలిన్ పట్టాలు కప్పి, అంచుల మీద బరువుకని ఇసుకలో పాతిన పురసభ హద్దురాళ్ళనే పీకి తెచ్చుకునేవాళ్ళం. వాన వెలిశాక ఎవరు పీకిన రాయిని వాళ్ళు మళ్ళీ దాని గుంటలో పెట్టడం అక్కడి మర్యాద.

ఒక ఏడు మా అత్త అన్నానికి ఇంటికి వెళ్ళినప్పుడు గాలివాన కమ్ముకొచ్చింది. పట్టా లేచిపోతుంటే దిక్కుతోచక ఏటి మూలనున్న రాయి పీకి దాని మీద వేశాను. వడ్లు దక్కాయి. వాన వెలిశాక తీరా చూస్తే గుంట పూడిపోయింది, ఎక్కడ పీకానో ఆనవాలు లేదు. ఇక్కడే అయి ఉంటుందని ఉజ్జాయింపుగా పాతాను. పట్టాకు ఇంకొంచెం చోటు కలిసొస్తుందని ఏటివైపే జరిపి పాతాను, ఇప్పుడు దాచుకోవడం దేనికి.

నాలుగు రోజులకే సర్వేవాళ్ళు గొలుసులతో దిగారు. ఆఫీసరు బూటుకాలితో ఆ రాయిని తట్టి, ఇది మొదటినుంచీ ఇక్కడే ఉందా అని కన్నడంలో నన్నే అడిగాడు. సర్కారు రాయి కదిలిస్తే కేసవుతుందని, మా ఆయన్ను స్టేషనుకు పట్టుకుపోతారని భయపడ్డాను. వెనక నుంచి మా అత్త సన్నగా తెలుగులో అంది.

"నోరు తెరిచినావంటే ఈ నేల గూడా పోతాది. రేపు వడ్లు యాడ బోస్తావు?"

నేను ఔనని తలూపాను.

ఆ తర్వాత కూడా పని ఏళ్ళ తరబడి ఆగింది, సాగింది, మళ్ళీ ఆగింది. వచ్చిన ప్రతి ఆఫీసరూ పాత రాళ్ళనే నమ్ముకుని కొలుచుకున్నాడు. చివరికి ఈ నడకదారికి గోడ లేచింది, ఏటి వంపున ఆ మూల సరిగ్గా నా రాయి దగ్గరే.

మనవరాలు ఏడ్చిన మర్నాడే పురసభ ఆఫీసుకు వెళ్ళి, మనవడి ఈడున్న ఇంజినీరు ముందు నిలబడ్డాను.

"ఆ మూల రాయి నేను జరిపిందేప్పా. గోడ ఏట్లోకి పోయుండాది. నీళ్లు వస్తాండాయి, జనాన్ని ఆడ నిలబడనీయొద్దు."

ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యమూ కలగలేదు.

"ఈ మాట చెప్పేకి వచ్చినోళ్లలో మీరు నాలుగో మనిషమ్మా. తలా ఒక రాయి చెప్తాండారు. పాత మ్యాపు మా దగ్గర లేదు."

పైకి రాస్తానన్నాడు. అసలు గట్టు ఎక్కడ ఉండేదో ఇప్పుడు ఎవరికీ తెలియదని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ నేల మీద బతికిన రోజుల్లో ఆఫీసరంటే వణికాం, మబ్బంటే వణికాం, పట్టా అంచునే పారుతున్నా ఏరంటే మాత్రం భయమెరగం. ఇప్పుడు సాయంత్రమైతే ఆ మూల బెంచీల మీద చోటు దొరకదు. అక్కడ కూర్చున్నవాళ్ళలో, ఆ రాళ్ళ సంగతి ఎరిగిన, ఒకప్పుడు వడ్లు ఎండబోసిన ఆడది ఒక్కతీ కనబడదు.