కొసరుకు కోడు లేదు

పోయినవి ముందు చెబుతాను. దుప్పట్లు ఇరవై నాలుగు, వాటి వెల ముప్పై మూడు వేల ఆరు వందలు. అమెరికా దాకా రవాణా ఖర్చు పంతొమ్మిది వేలు. ఆడుతున్న మూడు మగ్గాల్లో రెండు. ఏళ్ల తరబడి నిలిచిన ఒక్క గిరాకీ. ఇవి కాక, తువ్వాళ్లు రెండు. ఆ రెండు తువ్వాళ్ల వల్లే మిగతావన్నీ పోయాయి.

రెండు వేల పదిహేనులో నేను ఆదోనిలోని ఒక కొరియర్ ఏజెన్సీలో విదేశీ పార్సెళ్ల గుమాస్తాగా చేరాను. ఈ మధ్యనే మానుకున్నాను. నా చదువు ఇంటర్‌తో ఆగింది. సుంకాల లెక్క నాకెవరూ నేర్పలేదు. తిరిగొచ్చిన పార్సెళ్ల మీద అంటించి పంపే కారణాలు చదువుతూ నేర్చుకున్నాను.

పెట్టెలో ఏముంది, దేంతో చేసింది, ఏ దేశంలో చేసింది, వెల ఎంత అన్నవి బిల్లులో రాయడం నా పని. ప్రతి రకం సరుకుకూ ఒక అంకె ఉంటుంది. దాన్ని కోడు అంటాం. సుంకం ఆ కోడును బట్టే పడుతుంది. అయితే అమెరికాలో ఎనిమిది వందల డాలర్ల లోపు పార్సెల్‌కు సుంకమే ఉండేది కాదు కాబట్టి మా బిల్లుల్ని అక్కడ పట్టి చూసిన వాళ్లు తక్కువ. 2025 ఆగస్టు చివర ఆ మినహాయింపు ఎత్తేశారు. అప్పటికి మన సరుకు మీద అదనపు సుంకమే వెలలో సగం.

ఎమ్మిగనూరులో మహబూబ్ బాషా మూడు మగ్గాల వాళ్లకు నూలిచ్చి దుప్పట్లు నేయించేవాడు. అమెరికాలో చిన్న లాడ్జి నడిపే ఒకావిడ ఆన్‌లైన్‌లో చూసి కొనడం మొదలుపెట్టి, రెండు నెలలకోసారి రెండు డజన్లు తెప్పించుకునేది. మూడు మగ్గాలూ ఎక్కువగా ఆమె మీదే ఆడేవి. నియమం మారాక ఆమె, ఈసారికి సుంకం కట్టి చూస్తాను, ఇబ్బంది లేకపోతే ఇకముందూ కొంటాను అని రాసింది. అందుకని ఆ పెట్టె ఎలాగైనా సాఫీగా చేరాలి.

పెట్టె కుట్టి తెచ్చినప్పుడు, లోపలున్న సరుకంతా రాసినట్టేనా అని అడిగాను. సరుకంతా రాసినానన్నాడు. తన లెక్కన అతను అబద్ధమాడలేదు.

అమెరికాలో కస్టమ్స్ వాళ్లు పెట్టె విప్పారు. బిల్లులో లేని వస్తువులు రెండున్నాయి, అవేమిటో వెలతో సహా గడువులోగా తెలపాలని మాకు నోటీసు వచ్చింది. బాషాను పిలిపించాను.

“అవి సరుకు గాదక్కా, కొసరు,” అన్నాడు. “డజనుకొక తువ్వాలు. మా జేజినాయన కాలం నుంచి ఏస్తాండాము. ఆయమ్మకు మొదటి నుంచీ పోతానే ఉండాయి.”

మా యజమానిది పత్తి వ్యాపారుల కుటుంబం. కొసరు సంగతి ఆయనకు చెప్పే పని లేదు. అయినా ఎగతాళి మానలేదు. “ఏమప్పా బాషా, అమెరికా కస్టమ్సోళ్లకే కొసరు నేర్పించేకి పోతివా? దానికి కోడు యాడ తెచ్చేది?”

కోడు దొరుకుతుంది, తువ్వాలుకు ఉంది. దొరకనిది కొసరన్న మాటకు ఇంగ్లీషు. గిఫ్ట్ అని రాద్దామంటే అది మనిషి మనిషికి పంపేది, అమ్మకపు పెట్టెలో చెల్లదు. శాంపిల్ అంటే వాడకానికి పనికిరాకుండా కోసి ఉండాలి. మిగిలిన దారి ఒకటే. ఉచితమైనా సరే, మామూలుగా అమ్మితే ఎంత పలుకుతుందో ఆ వెల రాయాలి. నూలు, కూలి కలిపి ఒక్కోటి నూట పది రూపాయలని కట్టి, సంతకం పెట్టమన్నాను.

బాషా కాగితాన్ని నా వైపు జరిపాడు.

“వెల కడితే అది కొసరెట్లయితాదక్కా? నేను ఊరికే ఇచ్చేదానికి ఆయమ్మ సుంకం కట్టల్లనా?”

ఆ సుంకం తానే కడతానన్నాడు. ఒకే పెట్టె సుంకాన్ని ఇద్దరి మధ్య పంచడం కుదరదన్నాను. ఇంటికెళ్లి పెద్దవాళ్లను అడిగి వస్తానన్నాడు. ఫోన్ చేస్తే ఆలోచిస్తున్నానన్నాడు. వచ్చి సంతకం పెట్టేసరికి గడువు దాటింది.

ఆలస్యానికి జరిమానా, గోదాము అద్దె కలిపితే దుప్పట్ల వెలను మించాయి. లాడ్జి ఆవిడ కట్టనంది. వెనక్కి తెప్పించాలంటే మళ్లీ రవాణా ఖర్చు. చివరికి సరుకు వదులుకుంటున్నట్టు బాషా రాసిచ్చాడు. అలాంటి సరుకును అక్కడే నాశనం చేస్తారు. ఆవిడ ఇకమీదట దగ్గర్లోనే కొనుక్కుంటానని మర్యాదగా రాసింది. రెండు మగ్గాలు నిలిచాయి. వాటి మీద నేసేవాళ్లలో ఒకాయన ఇప్పుడు ఆదోనిలో జిన్నింగు మిల్లుకు పోతున్నాడు.

ఆ తర్వాత నేను పని చేసినన్నాళ్లూ ఎవరినీ సరుకంతా రాశారా అని అడగలేదు. డబ్బు తీసుకోకుండా పెట్టెలో ఏం వేశారని అడిగాను. నియమం మారినప్పుడు వెల ఉన్నదానికి సుంకం పెరుగుతుంది, అంతే. వెల లేనిది ముందుగా చిక్కుతుంది. అప్పుడప్పుడూ దాని వెనక పెట్టె మొత్తం పోతుంది.

దుప్పట్ల డబ్బు బాషా ఆవిడకు వాయిదాల్లో పూర్తిగా తిరిగిచ్చాడు. ఆఖరి వాయిదా పంపించాక, అతని తరఫున నేను రాస్తూ వచ్చిన ఆ లెక్క మూసేయనా అని అడిగితే వద్దన్నాడు. తువ్వాళ్లకు ఆమె డబ్బివ్వలేదు కాబట్టి డబ్బుతో అవి తీరవని అతని వాదన. కాబట్టి నేటికీ బాకీ: తువ్వాళ్లు, రెండు.