చప్పట్లు ఆపమన్న రోజు

మొన్న ఉదయం నడకకని ఖమ్మంలో మైదానానికి వెళ్తే, చూపు లేని ఒక చిన్నారి, తన మణికట్టుకు కట్టిన తాడు రెండో కొస పట్టుకున్న శిక్షకురాలితో కలిసి పరుగెత్తుతూ కనిపించింది. చూస్తూ మెట్ల మీద కూర్చున్నాను. మా రోజుల్లో ఇంత చిన్న ఉపాయం నాకు తోచి ఉంటే, ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చేది కాదేమో.

అప్పట్లో నేను సారపాక దాటాక, అడవి అంచున ఉన్న మా ఊరి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా అక్క కూతురికి పుట్టుకతోనే చూపు లేదు. పదేళ్ళదాకా అరుగు మీదే పెరిగినందువల్ల కాళ్ళు పుల్లల్లా ఉండేవి. గోడ పట్టించి గుంజీలు తీయించాను, తాడాట నేర్పాను, ఆపైన పరుగన్నాను. అక్క మాత్రం "కూసుంటె కూసోనీయ్ తమ్మీ, పడితె నువ్వు మోస్తవా?" అని తిట్టేది.

పరుగుకు దారి చూపింది ఊరే. జామాయిల్ తోట పక్కన తిన్నని బండిబాట ఉండేది. చలికాలపు పొద్దుల్లో, గోదావరి మీది నుంచి వచ్చిన మంచులో, మిరప చేలకు పోయే ఆడవాళ్ళూ, మిల్లులో షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ళూ ఇరవై అడుగులకొకరు నిలబడి చప్పట్లు కొట్టేవారు. ఒకరి చప్పుడు దాటగానే తర్వాతి చప్పుడు అందుకుని పిల్ల ఉరికేది. మనుషులు కనిపించేవారు కాదు, అరచేతుల మోతే వినిపించేది. "ఉరుకు బిడ్డా, మీ మామ పొట్ట ఏస్కొని నిన్ను అందుకోలేడు" అని మంచులోంచి ఎవరో నవ్వేవారు.

ఒకనాడు పిల్ల అడిగింది: "మామా, తోట లోపట నిలవడి కొట్టేటోళ్ళు ఎవరు? పిలిస్తె పలుకరేంది?" తోటలో మేమెవరినీ నిలబెట్టలేదు. మానులకు తగిలి మళ్ళీ వచ్చే చప్పుడని చెప్పి నవ్వేశాను.

ఇలాంటి పిల్లలకు జిల్లాలో పెట్టే పోటీలకు ఆమె పేరిచ్చాను. ఆ వారంలోనే మా బడిలో పనిచేసే ఇంకో సారు, "ఏంది సారూ, గంత సక్కగ ఉరుకుతది, మీ కోడలికి కండ్లు గిట్ల కనవడ్తయా?" అని పరాచికమాడాడు. అనుమానం ఆయనదని చాలాకాలం చెప్పుకున్నాను. కాదు, అంతకుముందే అది నాలో ఉంది. మర్నాడు, పిల్ల సగం బాట దాటగానే అందరూ చప్పట్లు ఆపాలని చెప్పాను. "పాపం సారూ, వద్దు" అన్నది ఒక పెద్దమ్మ. సారు మాట కదా అని చివరికి ఆమె కూడా చేతులు దించింది.

అంతమందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పిల్ల తడబడి ఆగింది. "అందరు యాడికి పోయిన్రు? మామా?" అని పిలిచింది. పది అడుగుల దూరంలో ఉండి కూడా నేను పలకలేదు. అప్పుడామె తల పక్కకు తిప్పింది. ఏదో విన్నట్టు ముఖం విప్పారింది. మళ్ళీ ఉరికింది, ఈసారి బాట మీద కాదు, తోటలోకి.

మంచు విడిచేదాకా వెతికాం. చాలా లోపల, నుదురు చిట్లి, రెండు చేతులూ ఒక మానుకు ఆనించి నిలబడి ఉంది. భుజం మీద చెయ్యి వేస్తే, ఏడవకుండానే అన్నది: "వాళ్ళు ఆపలే మామా. మీరే ఆపిన్రు."

పోటీలకు వెళ్ళలేదు. ఆ తర్వాత ఎన్నడూ ఉరకలేదు. అక్క నన్ను తిట్టనైనా తిట్టలేదు.

ఇప్పుడా తోట లేదు, బాట మీద తారు పడింది. పిల్లలకు శిక్షకులొచ్చారు, ఆట సామాను వచ్చింది. ఒక్క పిల్ల కోసం పనికి పోతూ పోతూ ఆగి నిలబడే ఊరు మాత్రం నాకు మళ్ళీ కనబడలేదు. ఆ ఊరి చేత చేతులు దింపించినవాణ్ణి నేనే. మేనకోడలు ఇప్పుడు కొత్తగూడెంలో ఉద్యోగం చేసుకుంటోంది. సెలవులకు వచ్చినప్పుడు గడపలోనే ఆగి "మామా, ఉన్నవా?" అంటుంది. ఏ పనిలో ఉన్నా "ఉన్న బిడ్డా" అంటాను. లోపలికి రాదు. రెండోసారి కూడా పలికాకే అడుగు పెడుతుంది. ఆ రెండు పలుకుల నడుమ ఆమె తల వంచి ఏం వింటుందో అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.