మల్లేశన్న బిడ్డ తొట్టెల, నా ఓవర్‌క్లాకింగ్

కంప్యూటర్లు పాడుచేసుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. నేనూ వాళ్లలాంటివాణ్ణే అయితే ఇంత కాగితం ఖర్చు పెట్టేవాణ్ణి కాదు. దోహాలో ఒక గదిలో కూర్చుని నేనొక అంకె మార్చాను. దాని దెబ్బ వెళ్లి వెళ్లి జగిత్యాల జిల్లాలో ఇరవై ఒక్క రోజుల పసిపాపకు తగిలింది. కంగారు పడకండి, పాప క్షేమం. నా పరువు సంగతే చెప్పలేను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కాకినాడ నుంచి వచ్చి ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక పాత విల్లాలో పదిమంది బ్యాచిలర్లతో కాపురం (పెళ్లైనా సరే, ఒంటరిగా ఉంటే అక్కడ బ్యాచిలరే). నా గదిలో ఉండే మల్లేశన్న ఏసీ మెకానిక్. ఊళ్లో భార్యకు ఆడపిల్ల పుట్టిన రోజు నుంచి ఆయన ఏ ఏసీ బాగుచేస్తున్నా నవ్వుతూనే చేసేవాడు. పక్క గదిలో రాఘవరావు గారు, విజయవాడ మనిషి, సేఫ్టీ ఆఫీసరు. టీ పెట్టేముందు కూడా గ్యాస్ పైపు వాసన చూసే మనిషి.

ఆ ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున పాపకు తొట్టెల, అంటే ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుక. మల్లేశన్నకు సెలవు దొరకలేదు. అందుకని వీడియో కాల్‌లో చూడాలి. ఫోన్‌లో కాదు, మా హాల్లో పెద్ద టీవీ మీద, నా కంప్యూటర్ తగిలించి. లేబర్ క్యాంపు నుంచి వాళ్ల ఊరివాళ్లు ఇరవైమంది వస్తారు. అన్నింటికంటే ముఖ్యం, పేరు. పాప పేరు మల్లేశన్న ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా. ముహూర్తానికి ఆయన తెర మీంచి చెప్తే, ఆయన తల్లి లచ్చవ్వ (వాళ్ల వైపు అవ్వ అంటే అమ్మే) పాప చెవిలో మూడుసార్లు పలకాలి. అదీ ఏర్పాటు.

"తమ్మీ, బొమ్మ ఆగుడు వద్దు. మొన్న మాట్లాడితే మా అవ్వ నోరు తెరిచింది తెరిచినట్టే అయిదు నిమిషాలున్నది" అన్నాడు.

"నాకొదిలెయ్ అన్నా. ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేస్తాను."

"అంటే?"

"దానికి నాలుగు కోర్లుంటాయి, అంటే నాలుగు మెదళ్లు అనుకో. కంపెనీవాడు మూడున్నర గిగాహెర్ట్జ్ వేగంతో పంపాడు. నేను నాలుగు పాయింట్ ఏడుకి తీసుకెళ్తా. ఉరుకులే ఉరుకులు!"

మల్లేశన్న కాసేపు ఆలోచించాడు. "మరి వాడే ఎందుకు పెంచలే?"

ఆ ఒక్క ప్రశ్నకు అప్పుడే జవాబు వెతికి ఉంటే ఈ కథ లేదు. "వాడికి ధైర్యం లేదన్నా" అన్నాను. చూశారా, ఎంత వినయమో!

ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ల పద్ధతి నాకు తెలియక కాదు. వేగం ఒక్కో మెట్టు పెంచాలి. వోల్టేజీ చిటికెడు పెంచాలి. ప్రతి మెట్టు దగ్గరా గంటల తరబడి దానితో కష్టమైన లెక్కలు చేయించి, తట్టుకుంటోందో లేదో, ఎంత వేడెక్కుతోందో చూడాలి. అప్పుడే పై మెట్టు. నేను ఆ మెట్లన్నీ ఒక్క గెంతులో దాటాను. గది తలుపు మూసి, ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి, సరిగ్గా పది నిమిషాలు పరీక్షించాను. అది బతికే ఉంది. "స్టేబుల్!" అని నాకు నేనే ప్రకటించుకున్నాను.

రాఘవరావు గారు తలుపు తీసి, రేకు లేని పెట్టెను చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు. "అబ్బాయ్, నాకొక సందేహం. వాళ్ల ఊళ్లో సిగ్నల్ బాగోక కదా బొమ్మ ఆగేది? ఇక్కడ నీ కంప్యూటర్ పరిగెత్తితే అక్కడ సిగ్నలెలా వస్తుంది?"

"ఇది టెక్నికల్ విషయమండీ" అన్నాను. ఆయన వెళ్లి మంటలార్పే సిలిండర్ తెచ్చి హాల్లో ఒక మూల నిలబెట్టారు.

శుక్రవారం ఎనిమిదింటికల్లా మనుషులు రావడం మొదలైంది. ఒక్కొక్కళ్లు తలుపు తీసినప్పుడల్లా బయటి ఆగస్టు కూడా వాళ్లతో పాటు లోపలికొచ్చి కూర్చుంది. వంటింట్లో బిర్యానీ కోసం నూనె కాగుతోంది. ఇరవైమంది మనుషులు, ఒక్క ఏసీ. ఆ ఏసీ మా ముఖం చూసి మూలుగుతోంది. నా ప్రాసెసర్ ఫ్యాను మాత్రం విల్లాని గాల్లోకి లేపేస్తానన్నంత హుషారుగా తిరుగుతోంది.

కాల్ కలిసింది. టీవీ నిండా లచ్చవ్వ, ఒళ్లో పాప. హాలంతా "ఓ!" అంది. మల్లేశన్న కళ్లు తుడుచుకున్నాడు. బొమ్మ నిజంగానే గడగడా ఉరికింది. నేను రాఘవరావు గారి వైపు కాలరెగరేసి చూశాను.

ఠక్కున తెర నీలమైపోయింది. నీలం మీద తెల్లటి ఇంగ్లీషు ముక్కలు. కాల్ పోయింది.

"గిదేంది? నీలమైంది?" అన్నాడు ముందు వరసలో ఒకాయన.

"అప్‌డేట్ అండీ. మామూలే" అన్నాను. అది నా మొదటి అబద్ధం; నిజానికి వేగం తట్టుకోలేక కంప్యూటర్ కుప్పకూలితే వచ్చే తెర అది.

కంప్యూటర్ మళ్లీ లేచేలోపు మల్లేశన్న తల్లి బటన్ ఫోనుకు మామూలు కాల్ చేశాడు. "అవ్వా, జెర ఆగు, ఫోను పెట్టేయకు" అని, ఆ లైను అలాగే తెరిచి చేతిలో పట్టుకున్నాడు. లైను బాగోలేదు. మాటలు ముక్కలు ముక్కలుగా పోయి ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి.

రెండోసారి కలిసింది. పాపను తొట్టెలో వేశారు, పాట ఎత్తుకున్నారు. సగం పాటకు తెర మళ్లీ నీలం.

"నీలం!" అని ఈసారి ఆరేడుగురు కలిసి అరిచారు, క్రికెట్‌లో వికెట్ పడినట్టు.

"లోపల గ్యాస్ తక్కువైందా తమ్మీ?" అన్నాడు మల్లేశన్న తన వృత్తిధర్మం మరవకుండా.

అప్పుడే వేగం మామూలుకు దించేసి ఉంటే బాగుండేది. కానీ ఇరవైమంది ముందు ఓడిపోవడమా? సెట్టింగుల్లోకి వెళ్లి వోల్టేజీ ఇంకాస్త పెంచాను. నీరసంగా ఉన్నవాడికి బలానికి తినిపిస్తున్నాననుకున్నాను. తీరా చూస్తే జ్వరం వచ్చినవాడికి కంబళి కప్పాను. వేడి తొంభై డిగ్రీలు దాటింది.

"విసరండి! విసరండి!" అని అరిచాను.

క్యాంపువాళ్లు ఇద్దరు అట్టపెట్టె మూతలు చించుకుని, అటొకరు ఇటొకరు నిలబడి, పెట్టెకు వింజామరలు వీచారు. మూడో ఆయన ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన బఠాణీల సంచి తెచ్చి ప్రాసెసర్ మీద పెట్టబోయాడు.

"వద్దు! నీళ్లు కారితే చస్తుంది!"

"ఇప్పుడు బతికున్నదా?" అన్నాడాయన. రాఘవరావు గారు సిలిండర్ పిన్ను మీద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

మూడోసారి కలిసింది. టీవీలోంచి లచ్చవ్వ ఒకటే తొందర పెడుతోంది. "గడియ దాటిపోతది కొడుకా! పేరు చెప్పు, జల్ది చెప్పు!" ఆమె పాప చెవి దగ్గరికి వంగింది. మల్లేశన్న గొంతు సవరించుకుని, చొక్కా సర్దుకుని, "నా బిడ్డ పేరు..." అన్నాడు.

తెర నీలం.

"నీలం!!" ఇరవై గొంతులు ఒక్కసారి. పాపం మల్లేశన్న చేతిలోని ఫోనులోకి ఏడుపు గొంతుతో, "మల్ల నీలమైందే అవ్వా! నీలం!" అన్నాడు.

అవతల నుంచి లచ్చవ్వ గొంతు వినబడింది. "ఏందీ? నీలవ్వనా?"

మల్లేశన్న నోరు తెరిచాడు. ఆమె ఆగలేదు.

"మా అవ్వ పేరు పెడుతున్నవా కొడుకా? నిన్నెత్తుకొని పెంచింది గదరా నీలవ్వ! మరిచిపోయినవనుకున్న. గంత దూరం పోయి యాదికుంచుకున్నవా!" అని ఆమె బావురుమంది. వెనక ఆడవాళ్లెవరో "ఏం పేరు, ఏం పేరు" అంటున్నారు. "నీలవ్వనట! మా అవ్వ పేరే!"

ఆ తర్వాత బటన్ ఫోనులోంచి మూడుసార్లు స్పష్టంగా వినబడింది. అంతసేపూ ముక్కలైన లైను ఆ మూడు మాటలకు మాత్రం అద్దంలా పలికింది. "నీలవ్వ. నీలవ్వ. నీలవ్వ."

హాల్లో అందరూ మల్లేశన్నను చూస్తున్నారు. ఆయన నన్ను చూస్తున్నాడు. నేను నేలను చూస్తున్నాను. ఇక్కడ అవ్వకు నిజం చెప్తే ఆమె ఏడుపు మారిపోతుంది. చెప్పకపోతే పాప పేరు మారిపోతుంది. రాఘవరావు గారు మెల్లగా వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

మల్లేశన్న ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "అవునే అవ్వా, నీలవ్వనే" అన్నాడు. అని తనూ ఏడ్చేశాడు.

నేను నోరు మూసుకుని సెట్టింగుల్లోకి వెళ్లి, పెంచినవన్నీ తీసేసి, కంపెనీవాడిచ్చిన మూడున్నరకే తెచ్చాను. నిమిషంలో కాల్ కలిసింది. ఆ తర్వాత రెండు గంటలు అది కిక్కురుమనలేదు. పాప తొట్టెలో పడుకుని పెద్దగా ఆవలించింది. మధ్యలో బొమ్మ నాలుగుసార్లు ఆగింది, వాళ్ల ఊరి సిగ్నల్ వల్ల. రాఘవరావు గారు నావైపు చూడలేదు. చూసినా అంత బాధుండేది కాదు.

బిర్యానీ తినేటప్పుడు మల్లేశన్న పక్కన కూర్చున్నాను. "క్షమించన్నా. అసలు నువ్వేం పేరనుకున్నావ్?"

"రియాన్షిక."

ఇద్దరం కాసేపు ముద్ద నమిలాం.

"మా అవ్వ నోట్లె గది పలుకుతుండెనా తమ్మీ?" అన్నాడు.

"పలికేది కాదన్నా."

"మరి మంచిగనే అయింది" అని నా పళ్లెంలో తన ముక్క వేశాడు. వేసి, "కానీ ఇంకోసారి దాన్ని ముట్టినవంటే నీ చెయ్యి తీసి అవుట్‌డోర్ యూనిట్‌ల పెడ్త" అన్నాడు.

ఇప్పుడు నీల బడికి వెళ్తోంది. మల్లేశన్న భార్యకు మళ్లీ నెలలు నిండాయి, ఈసారీ ఆయనకు సెలవు లేదు. కాబట్టి పాఠకుల సాక్షిగా, కుడిచెయ్యి ప్రాసెసర్ మీద పెట్టి (చల్లగా ఉంది, భయపడకండి) ప్రమాణం చేస్తున్నాను: కంపెనీవాడు పెట్టిన అంకెను నా కంఠంలో ప్రాణముండగా మళ్లీ ముట్టను. కొత్త కంప్యూటర్లలో ఆ తెర నీలంగా కాదు, నల్లగా వస్తుందట. మల్లేశన్న తాతల్లో నల్లయ్య ఎవరైనా ఉన్నాడేమో అడిగే ధైర్యం నాకు లేదు.